మా చెరువులో వుడ్ డక్‌లు ఎందుకు తగ్గాయి?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క పక్షి గురించే ఉన్నాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వాగుల ఒడ్డున, చెరువుల పక్కన ఇళ్లు కొనుక్కున్న మన పాఠకులకు వుడ్ డక్ కొత్త పక్షి కాదు. మగదానికి ఆకుపచ్చ, ఊదా కలిసి మెరిసే జుట్టు, ఎర్రటి కన్ను, గొంతు నుంచి చెంప మీదికి పాకిన తెల్లని గీతలు ఉంటాయి. ఆడదానికి బూడిద కలిసిన గోధుమ రంగు ఒళ్లు, కంటి చుట్టూ నీటిబొట్టు ఆకారంలో తెల్లని మచ్చ ఉంటాయి. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ‘అడవి బాతు’ అంటే పెంపుడుది కాని ఏ బాతైనా అవుతుంది కనుక ఇక్కడ వుడ్ డక్ అనే రాస్తున్నాను. వేట గురించిన ప్రశ్నలు మన పత్రికలో ఎందుకని ఒకరిద్దరు అడిగారు. ఈ పక్షి బతుకు వేట నియమాలతో ఎంతగా ముడిపడి ఉందో మొదటి జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంటి వెనుక నాలుగెకరాల చెరువు ఉంది. మేము 2016లో ఇక్కడికి వచ్చినప్పుడు అక్టోబరు సాయంత్రాల్లో నలభైకి తక్కువ కాకుండా వుడ్ డక్‌లు దిగేవి. రెండేళ్లుగా పది పన్నెండుకు మించడం లేదు. అవతలి గట్టు పొరుగువారిది. సీజను మొదలైన రోజున అక్కడ నలుగురు తుపాకులతో కూర్చుంటారు. ఒక్కొక్కరు రోజుకు మూడు కొట్టవచ్చని, ఇదివరకు రెండే ఉండేదని వారే చెప్పారు. పక్షులు తగ్గిపోతుంటే పరిమితి పెంచడం ఏం న్యాయం? మళ్లీ రెండుకు తగ్గించమని ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, తూర్పు నార్త్ కెరొలైనా

జవాబు: మీరు చూసినది నిజమేనని నేను నమ్ముతున్నాను. అయితే చెరువులో పక్షులు తగ్గడాన్ని, పరిమితి పెరగడాన్ని మీరు ఒకే తాటికి కట్టారు. ముందు ఆ ముడి విప్పాలి. అట్లాంటిక్, మిసిసిపీ ఫ్లైవేలలో, అంటే దేశపు తూర్పు సగంలోని రెండు వలస మార్గాలలో, వుడ్ డక్ రోజువారీ పరిమితి రెండు నుంచి మూడుకు పెరిగింది 2008–09 సీజనులో. మీరు ఆ ఇంటికి రావడానికి ఎనిమిదేళ్ల ముందు మాట అది. మీరు కళ్లారా చూసిన ఆ నలభై పక్షులు కూడా మూడు పరిమితి అమలులో ఉన్న కాలపు పక్షులే. కాబట్టి మూడు అనే అంకె ఒక్కటే మీ చెరువును ఖాళీ చేసిందని చెప్పడం కుదరదు. అలాగని వేటకు దీనితో సంబంధం లేదని కూడా నేను అనను. సంబంధం ఉంది, కానీ అది మీరు వెతుకుతున్న చోట లేదు.

కొంచెం వెనక్కి వెళదాం. గత శతాబ్దం ఆరంభంలో ఈ పక్షి ఇక అంతరించిపోతుందని దాన్ని ఎరిగినవారంతా భయపడ్డారు. అప్పట్లో బజారులో అమ్మడానికి లెక్కాపత్రం లేకుండా కొట్టేవారు. గుడ్లు పెట్టే వసంతకాలంలో కూడా వేట ఆగేది కాదు. దానికి తోడు తొర్రలున్న ముసలి చెట్లు నరికివేతకు పోయాయి, నదుల పక్కనున్న చిత్తడి అడవులను ఎండగట్టి పొలాలు చేశారు. చెట్టు తొర్రలో గుడ్లు పెట్టే బాతుకు తొర్ర లేకుండా చేసి, మిగిలిన దాన్ని తుపాకీతో కొడితే ఏమవుతుందో అదే అయింది. 1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ వలస పక్షుల ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని అమలు చేసే చట్టం 1918లో వచ్చింది. ఆ ఏడాది నుంచి 1941 వరకు వుడ్ డక్ వేట దేశమంతటా మూతపడింది. తిరిగి తెరిచినప్పుడు కూడా కొన్ని రాష్ట్రాల్లో రోజుకు ఒక్క పక్షినే అనుమతించారు. ఆ తర్వాత చాలాకాలం పరిమితి రెండు దగ్గరే ఆగింది. అంటే ఈ మూడు అనే అంకె సుమారు తొంభై ఏళ్ల సంయమనం తర్వాత వచ్చింది. దాన్ని నిర్లక్ష్యంగా పెంచారని అనడం సబబు కాదు.

మరి ఎన్ని పక్షులున్నాయో తెలిసేదెలా? మల్లార్డు వంటి బాతులను 1955 నుంచి ప్రతి వసంతంలో చిన్న విమానాల్లో తిరుగుతూ కెనడా మైదానాల మీదుగా లెక్కిస్తున్నారు. వుడ్ డక్ ఆ లెక్కకు అందదు, ఎందుకంటే అది కొమ్మల కింద, నీట మునిగిన చెట్ల మధ్య ఉంటుంది. పైనుంచి చూసేవారికి ఆకులే కనిపిస్తాయి. అందుకని దీని విషయంలో కాలికి వేసే అల్యూమినియం పట్టీలు, వేటగాళ్లు పంపే రెక్కలు ముఖ్యమైన ఆధారాలయ్యాయి. వేసవి చివర్లో, సీజను మొదలు కాకముందు, రాష్ట్రాల సిబ్బంది మొక్కజొన్న చల్లి వలలతో, బోనులతో పక్షులను పట్టి పట్టీలు వేసి వదులుతారు. ఊహా లెక్క ఒకటి చెబుతాను. వెయ్యి పక్షులకు పట్టీ వేస్తే, వాటిలో వంద ఆ సీజనులో వేటకు గురయ్యాయని తేలిందనుకోండి. అప్పుడు వేట నూటికి పదిని తీసుకుంటోందన్నమాట. మొత్తం వేటలో పోయినవి యాభై వేలని మరో సర్వే చెబితే, సీజనుకు ముందు అయిదు లక్షలు ఉండి ఉండాలి. లెక్క ఇంత తేలిక కాదు గానీ దాని పునాది ఇదే.

రెక్కల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎంపిక చేసిన వేటగాళ్లకు ముందుగానే తపాలా చెల్లించిన కవర్లు పంపుతారు. వారు కొట్టిన ప్రతి బాతు రెక్క ఒకటి అందులో పెట్టి పంపాలి. శీతాకాలంలో నిపుణులు బల్లల చుట్టూ చేరి వాటిని ఒక్కొక్కటిగా చూసి జాతి, వయసు, ఆడ మగ తేలుస్తారు. వుడ్ డక్ రెక్కను చేతిలోకి తీసుకుని విప్పితే బయటి ఈకల అంచు వెండి పూసినట్టు ఉంటుంది. లోపలి వైపున్న నీలి ఈకల చివర్లు చూడాలి: అక్కడి తెలుపు సన్నని తిన్నని గీతగా ఉంటే మగది, నీటిబొట్ల వరుసలా వెడల్పుగా ఉంటే ఆడది. పెద్ద పక్షులకు ఈ ఏటి పిల్లలు ఏ పాళ్లలో కలిశాయో ఆ రెక్కల కుప్ప చెబుతుంది. ఆ ఏడు పిల్లలు బాగా బతికాయో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇలా వచ్చిన లెక్కల మీద ఫెడరల్ వన్యప్రాణి శాఖ హద్దులు గీస్తుంది. ఆ హద్దుల లోపల రాష్ట్రాలు తమ తేదీలు, పరిమితులు ఎంచుకుంటాయి. రాష్ట్రం ఆ హద్దు కంటే కఠినంగా ఉండవచ్చు, ఉదారంగా ఉండకూడదు. అట్లాంటిక్ ఫ్లైవేలో 2019 నుంచి మొత్తం బాతుల సీజనును నాలుగు జాతుల స్థితిని చూసి నిర్ణయిస్తున్నారు, ఆ నాలుగింటిలో వుడ్ డక్ ఒకటి. ఇలాంటి పద్ధతులు పెంచడానికే తప్ప తగ్గించడానికి పనికిరావని మీరు అనుకోవద్దు. ఈశాన్య రాష్ట్రాల్లో మల్లార్డులు తగ్గాయని తేలగానే 2019–20లో అట్లాంటిక్ ఫ్లైవేలో వాటి పరిమితిని నాలుగు నుంచి రెండుకు దించారు. 2023–24లో మళ్లీ నాలుగు చేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ లెక్క అంతా ఫ్లోరిడా నుంచి కెనడా దాకా పరిచిన లెక్క. అందులో మీ నాలుగెకరాల చెరువు కనిపించదు. పరిమితి అనేది ఒక మనిషి ఒక రోజులో తీసుకోగల గరిష్ఠం మాత్రమే, ఒక చెరువు ఇవ్వగలిగినది ఎంతో అది చెప్పదు. నలుగురు వేటగాళ్లు, ఒక్కొక్కరికి మూడు: ఒక్క ఉదయం చట్టానికి పూర్తిగా లోబడే పన్నెండు పక్షులను తీసుకోవచ్చు. నలభై ఉన్న చోట అది దాదాపు మూడో వంతు. ఫ్లైవే మొత్తం మీద చూస్తే చాలామంది వేటగాళ్లు చాలా రోజుల్లో పరిమితి దాకా చేరరు కనుక రెండును మూడు చేసినా మొత్తం వేట ఒకటిన్నర రెట్లు కాదు. కానీ పక్షులు రాత్రికి చేరే చెరువు గట్టున కూర్చున్నవారికి ఆ సగటు వర్తించదు.

దీనికి తోడు వుడ్ డక్ స్వభావంలో ఒక ప్రత్యేకత ఉంది. ఆడపిల్ల పుట్టింటిని వదలదు. తాను పొదగబడిన చోటికి, ముందు ఏడు గూడు పెట్టిన చోటికి ఆడబాతు మళ్లీ మళ్లీ వస్తుంది. శీతాకాలంలో జత కట్టిన మగబాతు ఎక్కడిదైనా సరే, ఆమె వెంట ఆమె ఊరికే వస్తుంది. కాబట్టి మీ చెరువులో పుట్టి పెరిగిన ఆడబాతులు పోతే ఆ ఖాళీని పక్క జిల్లా ఆడబాతులు వచ్చి వెంటనే నింపవు. మగవి పోతే ఆ నష్టం అంతగా కనిపించదు.

ఇప్పుడు మీ రాష్ట్రపు తేదీలు చూడండి. నార్త్ కెరొలైనాలో బాతుల సీజను విడతలుగా ఉంటుంది, మొదటి విడత అక్టోబరు చివర్లో కొద్ది రోజులు. ఉత్తరాది నుంచి దిగివచ్చే వుడ్ డక్‌లు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తూ ఉంటాయి. కాబట్టి మొదటి రోజు ఉదయం మీ పొరుగువారి తుపాకీ ముందుకు వచ్చేవాటిలో ఆ చుట్టుపక్కల పుట్టినవే ఎక్కువ ఉంటాయి. అదే వేట డిసెంబరులో జరిగితే ఆ భారం పెన్సిల్వేనియా, న్యూయార్కు పక్షుల మీద కూడా పంచుకుపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఫ్లైవే మొత్తానికి పరిమితిని రెండుకు దించమని అడగడానికి ప్రస్తుతం తగిన కారణం నాకు కనిపించడం లేదు. మీ చెరువు మీద మాత్రం మొదటి విడతలో తుపాకీ పేలకపోవడం, రాత్రికి దిగే చోటును సీజను పొడవునా వదిలేయడం, ఈ రెండూ పరిమితి మార్పు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

అయితే తప్పంతా పొరుగువారిదేనని తేల్చే ముందు ఇతర కారణాలు కూడా చూడండి. ఎగువన బీవర్ అనే జంతువు వాగుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట తెగిందా? చెట్లు నరికారా? వాటి మేత అయిన ఓక్ కాయలు ఆ ఏడు సరిగా కాయలేదా? కాయలు దండిగా రాలిన వాగులోకి నీరెక్కితే చెరువులోని మంద రాత్రికి రాత్రి అక్కడికి మారిపోతుంది. గట్టు మీద నిలబడ్డ మనకు మాత్రం బాతులు మాయమైనట్టే ఉంటుంది. కాబట్టి ఒక సాయంత్రపు అంకెను నమ్మవద్దు. ఏటా సెప్టెంబరు చివరి వారంలో, అంటే సీజనుకు ముందు, మూడు నాలుగు సాయంత్రాలు ఒకే చోట కూర్చుని సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి చీకటి పడేదాకా దిగినవాటిని లెక్కించి రాసుకోండి. మే, జూన్ నెలల్లో పిల్లలతో తిరిగే తల్లులు ఎన్నో, ఒక్కొక్కదాని వెంట ఎన్ని పిల్లలో కూడా రాయండి. మూడేళ్ల పుస్తకం మీ చేతిలో ఉంటే రాష్ట్ర వన్యప్రాణి వనరుల కమిషన్ సీజను తేదీల మీద ప్రజాభిప్రాయం కోరినప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. అంతకంటే ముందు ఆ పుస్తకం పట్టుకుని పొరుగువారి గడప తొక్కండి. చెరువు ఖాళీ కావాలని వేటగాడు ఎవడూ కోరుకోడు.

ప్రశ్న: ఆఫీసు మిత్రులతో కలిసి నిరుడు వేట లైసెన్సు తీసుకున్నాను. ఈ ఏడు వుడ్ డక్ వేటకు రమ్మంటున్నారు. ముగ్గురం వెళితే తొమ్మిది కొట్టవచ్చు కదా, ఎవరు ఎన్ని కొట్టినా ఫరవాలేదా? ఆడబాతులకు వేరే పరిమితి ఉందా?
– ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: ఫరవాలేదు అనుకోవద్దు. పరిమితి మనిషికి, గుంపుకు కాదు. మీ మిత్రుడి వాటాను మీరు కొట్టడం వలస పక్షుల వేటలో నేరమే. రోజుకు ఆరు బాతులు, వాటిలో వుడ్ డక్‌లు మూడుకు మించకూడదు. ఇంట్లో నిల్వతో సహా మీ అధీనంలో ఉండదగినవి రోజువారీ పరిమితికి మూడు రెట్లు. పదహారేళ్లు దాటినవారికి ఫెడరల్ డక్ స్టాంపు ఉండాలి, దాని ధర 25 డాలర్లు. 1934 నుంచి అమ్ముతున్న ఈ స్టాంపు డబ్బు చిత్తడి నేలలు కొనడానికి, కాపాడడానికి పోతుంది. వేటకు వెళ్లనివారు కూడా దాన్ని కొనాలని నేను కోరుతాను. వలస పక్షుల వేటగాడిగా హిప్ (వేట సమాచార సేకరణ కార్యక్రమం)లో నమోదు చేయించుకోవాలి. సీసపు గుండ్లు బాతుల వేటలో 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. ఇంటికి చేరేదాకా పక్షికి తల గానీ ఈకలతో ఉన్న రెక్క ఒకటి గానీ ఉండనివ్వాలి, జాతి గుర్తించడానికి.

వేళ విషయంలో జాగ్రత్త. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం వరకే వేట. వుడ్ డక్‌లు రాత్రి బసకు చేరేది చాలావరకు సూర్యుడు మునిగాకే, అదీ గుంపులు గుంపులుగా. ఆ సమయంలో ఆశ పుడుతుంది. గడియారం చూసుకుని తూటాలు తీసేయండి.

ఆడబాతుకు వేరే పరిమితి వుడ్ డక్‌లో లేదు, మల్లార్డులో ఉంది. చట్టం అడగకపోయినా ఆడబాతును కొట్టకుండా వదిలేయమని నా విన్నపం, కారణం పై జవాబులో చెప్పాను. తెల్లవారుజామున చెట్ల మధ్య దూసుకొచ్చే పక్షి రంగు కనపడదు, కానీ గొంతు వినపడుతుంది. ఎగురుతూ ‘ఊ–ఈక్, ఊ–ఈక్’ అని గట్టిగా కీచుమనేది ఆడది. మగది సన్నగా, పైకి సాగే ఈలలా పలుకుతుంది. మొదటి సీజనులో కొన్ని ఉదయాలు తుపాకీ లేకుండా కూర్చుని ఆ రెండు గొంతులు చెవికి పట్టించుకోండి. ఇంకో మాట: దట్టమైన తూడు మధ్య పడేలా కొట్టవద్దు. గాయపడిన వుడ్ డక్ నీటి మొక్కల్లో దూరితే కుక్క సాయం లేకుండా దొరకడం కష్టం. దొరకని పక్షి మీ పరిమితిలోకి రాదు, చెరువు లెక్కలోంచి మాత్రం పోతుంది.

ప్రశ్న: మా పిల్లలు స్కూలు ప్రాజెక్టుగా చెరువులో ఒకే స్తంభానికి అటూ ఇటూ రెండు గూడుపెట్టెలు బిగించారు. ఒకదాంట్లో 27 గుడ్లు కనిపించాయి, కానీ ఒక్కటీ పొదగలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది? పిల్లలు చాలా దిగులు పడ్డారు.
– ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: పిల్లల తప్పు లేదమ్మా. ఇలా జంట పెట్టెలు బిగించమని పాత పుస్తకాల్లో కూడా ఉండేది. ఒక వుడ్ డక్ పెట్టేది సాధారణంగా పది పన్నెండు గుడ్లు. ఇరవై ఏడు ఉన్నాయంటే ఒకటి కంటే ఎక్కువ ఆడబాతులు అందులో పెట్టాయి. చెట్టు తొర్రలు ఆకుల చాటున, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. మనం పెట్టెను నీటి నడుమ నలుగురికీ కనపడేలా నిలబెడతాం. ఒక ఆడబాతు లోపలికి వెళ్లడం ఇంకొకటి చూస్తుంది, దాని వెంటే వెళ్లి తన గుడ్డు కూడా పెట్టి వస్తుంది. గుడ్లు గుట్టలా పెరిగితే ఒక తల్లి పొట్ట కింద అన్నీ వెచ్చబడవు, అడుగువి చల్లారిపోతాయి. కొన్నిసార్లు ఏ ఆడబాతూ పొదగడానికి కూర్చోకుండా వదిలేస్తుంది.

ఈ శీతాకాలం ఒక పెట్టెను అక్కడి నుంచి తీసి మొదటిదాని నుంచి కనపడని చోట, వీలైతే చెట్ల నీడ ఉన్న మూలకు మార్చండి. ద్వారం నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తుతో కోడిగుడ్డు పడుకున్న ఆకారంలో ఉండాలి; గుడ్లు తినే రకూన్ అనే జంతువు పెద్దదైతే అందులో దూరలేదు. స్తంభానికి రేకుతో గరాటులాంటి అడ్డు తప్పనిసరి, లేకపోతే రకూన్, పాము ఆ పెట్టెను తమ వంటగదిగా చేసుకుంటాయి. అడ్డు లేని పెట్టె కంటే అసలు పెట్టె లేకపోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను. లోపల మూడు నాలుగంగుళాల మందంలో చెక్క చిత్రిక పొట్టు వేయండి. రంపపు పొడి వద్దు, అది తడిసి గట్టిపడుతుంది. ద్వారం కింద లోపలి గోడ గరుకుగా ఉండాలి, లేదా ఇనుప జాలీ బిగించాలి. పొదిగిన మర్నాడే పిల్లలు గోళ్లతో ఆ గోడ పట్టుకుని పైకెక్కి, తల్లి కింద నుంచి పిలుస్తుంటే ఒకదాని వెంట ఒకటి దూకేస్తాయి. చెట్టు తొర్రల నుంచి యాభై అడుగుల పైచిలుకు ఎత్తు నుంచి దూకినా వాటికి దెబ్బ తగలదు, దూదిపింజలంత తేలిక.

ఏటా ఫిబ్రవరిలోపు పెట్టెలు తెరిచి శుభ్రం చేయాలి. నేను తెరిచిన పెట్టెల్లో పిల్లలు లేచిన గూడు చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది: మెత్తని బూడిదరంగు నూగు కింద గుడ్డు లోపలి పొరలు తోలుముక్కల్లా పొడిగా, చుట్టుకుపోయి దొరుకుతాయి. ఎన్ని పొరలుంటే ఇంచుమించు అన్ని పిల్లలు లేచినట్టు. పిల్లల చేత అవి లెక్కపెట్టించండి, ప్రాజెక్టుకు అసలైన అంకె అదే. పొరలు లేకుండా పగిలిన పెంకులే ఉంటే ఏదో జంతువు తినేసిందని అర్థం. తెల్లగా, ఇంకా గుండ్రంగా, పెంకు మందంగా ఉన్న గుడ్లు కనిపిస్తే కంగారు పడవద్దు, అవి హుడెడ్ మెర్‌గాన్సర్ అనే మరో తొర్రబాతువి.

గూడుపెట్టెల ఆలోచన 1930ల చివర్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్దయెత్తున మొదలైంది. అక్కడి పరిశోధకుడు ఫ్రాంక్ బెల్‌రోజ్ జీవితకాలంలో ఎక్కువ భాగం ఈ పక్షికే ఇచ్చాడు. కానీ దేశంలోని వుడ్ డక్‌లలో అత్యధికం ఇప్పటికీ చెట్టు తొర్రల్లోనే పుడుతున్నాయి. మీ చెరువు గట్టున పుచ్చిన సికమోర్ ఒకటి ఉంటే, ఇంటి మీద పడే ప్రమాదం లేకపోతే, దాన్ని కొట్టించవద్దు.

ప్రశ్న: మా పెట్టెలో వుడ్ డక్ బదులు ఎర్రటి ముక్కు, పొడవాటి గులాబీ కాళ్లు, నల్లని పొట్ట ఉన్న బాతులు చేరాయి. తరిమేయాలా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: వద్దు. అవి నల్లపొట్ట ఈల బాతులు, అక్కడి సొంత జాతే. చట్టం రక్షణ వాటికీ ఉంది. ఒకప్పుడు టెక్సస్ దక్షిణ కొనకే పరిమితమైన ఈ బాతులు ఇప్పుడు లూయిసియానా, ఫ్లోరిడా, సౌత్ కెరొలైనా దాకా విస్తరించాయి. వుడ్ డక్ పెట్టెల కోసం పోటీ పడతాయి, ఆ మాట నిజం. ఇంకో పెట్టె పెట్టండి. మన ఊరి చెరువుల మీద సాయంత్రాలు ఈల వేస్తూ పోయే చిన్న బాతులు గుర్తున్నాయా? ఇవి వాటికి దగ్గరి చుట్టాలే.

ప్రశ్న: అమెరికాలో పరిమితి పెట్టి బాతుల వేటకు అనుమతిస్తున్నారని విన్నాను. కొల్లేటి ప్రాంతంలో కూడా అలాంటి లెక్కతో అనుమతి ఇస్తే దొంగతనంగా పట్టేవారు తగ్గరా?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: తగ్గరని నా అభిప్రాయం. మన దగ్గర పరిమితి సున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణతో లైసెన్సు వేట పూర్తిగా పోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అమెరికాలో ఆ మూడు అనే అంకె వెనుక ఏటేటా వేసే పట్టీలు, వచ్చే రెక్కలు, స్టాంపు డబ్బుతో కొన్న చిత్తడి నేలలు, వల్ల కాదనుకున్నప్పుడు ఇరవై మూడేళ్లు పూర్తిగా మూసేసిన చరిత్ర ఉన్నాయి. అవేవీ లేకుండా అంకె ఒక్కటే తెచ్చి పెడితే అది అమ్మకపు వేటకు ముసుగు అవుతుంది. సరిగ్గా ఆ అమ్మకపు వేటే వుడ్ డక్‌ను అంచుకు నెట్టింది. పైగా కొల్లేటి బాతుల అసలు సమస్య చేపల చెరువుల గట్లు. 2006లో గట్లు కొట్టేసినప్పుడు నీరు ఎంత మేర పరుచుకుందో మీరే చూసి ఉంటారు. బాతు మాంసం కావాలంటే వరి కోతల తర్వాత గోదావరి జిల్లాల పొలాల్లో మేపుకొచ్చే పెంపుడు బాతులున్నాయి. ఈకలతో తెచ్చి రహస్యంగా అమ్మేది కొనవద్దు, అటవీ శాఖకు చెప్పండి. మన చెరువుల్లో కూడా చెట్టు తొర్రలో గుడ్లు పెట్టే చిన్న తెల్లబాతు ఉంది, ఇంగ్లిషులో కాటన్ టీల్ అంటారు. దానికి గట్టు మీద పాత చెట్టు ఒక్కటి మిగిలితే చాలు.

ప్రశ్న: మా కుక్క చచ్చిన వుడ్ డక్ ఒకటి నోట కరుచుకొచ్చింది. కాలికి అంకెలున్న పట్టీ ఉంది. వేటగాడిని కానప్పుడు కూడా చెప్పాలా? చెబితే ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, మేరీలాండ్

జవాబు: తప్పక చెప్పండి, ఏ ఇబ్బందీ లేదు. రిపోర్ట్‌బ్యాండ్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో పట్టీ అంకె, దొరికిన తేదీ, చోటు నింపితే చాలు. అంకెలు అరిగిపోతే పట్టీని నిలువుగా వెలుతురుకు పట్టి భూతద్దంతో చూడండి. ఈ వివరాలు మీ రాష్ట్రంలోనే లారెల్ దగ్గర ఉన్న పక్షుల పట్టీ ప్రయోగశాలకు చేరతాయి. ఆ పక్షికి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పట్టీ వేశారో తెలిపే పత్రం మీకు వస్తుంది. మొదటి జవాబులో చెప్పిన లెక్కంతా ఇలాంటి సమాచారం మీదే నిలబడింది. చెప్పకుండా డ్రాయరులో పడేసిన ప్రతి పట్టీ ఆ లెక్కలో ఒక తప్పు.

నేను కూడా ఒకసారి ఏప్రిల్ నెలలో, కారు కింద పడిన ఆడబాతు పట్టీని ఇలాగే పంపాను. పొట్ట కింద నూగు రాలిపోయి చర్మం కనిపిస్తోంది, అంటే ఎక్కడో గుడ్లు పొదుగుతోంది. పత్రం వచ్చాక చూస్తే, అయిదేళ్ల క్రితం ఆగస్టులో, ఆ ఏటి పిల్లగా ఉన్నప్పుడు దానికి పట్టీ వేశారు. వేసిన చెరువు నేను దాన్ని ఎత్తిన రోడ్డుకు రెండు మైళ్ల లోపే ఉంది.